నేల లేని చోట ఆకుకూరలు : కదలని నీటి పెట్టె సేద్యము

సంఘసభ్యులలో ననేకులు కొన్ని మాసములనుండి మమ్ము నొక ప్రశ్న యడుగుచున్నారు. మట్టి లేకుండ నీటిలోనే కూరలు పండునట గదా, అది నిజమా, నిజమైనచో మాబోటివారికి పనికివచ్చునా యని. కొందఱు పట్టణములందలి బంధువుల మిద్దెలపై చూచి వచ్చిరి. కొందఱు చేతిఫోనులలో బొమ్మలు చూచిరి. నిజమే యని యొక్క మాటతో జవాబు చెప్పి యూరకుండుట సులభము. పనికివచ్చునా యను రెండవ ప్రశ్నకు జవాబు చెప్పవలెనన్న మేమే చేసి చూడవలసి యుండెను. గడచిన సంవత్సరము సంఘ కార్యాలయపు వసారాలో నాలుగు పెట్టెలు పెట్టి చూచితిమి. రెండు చెడినవి, రెండు ఫలించినవి. చెడిన రెండింటివలననే మేము హెచ్చుగా నేర్చుకొంటిమి గావున వానిని దాచక ఇందు వ్రాయుచున్నాము.

ముందుగా నొక సంగతి. మన సభ్యులలో నొకరు రెండేండ్ల క్రిందట ఇంటి బంగారము కుదువబెట్టి, గొట్టములు, పంపు, పైన నీడవల గల మట్టిలేని సేద్యపు సామగ్రి కొనిరి. అమ్మినవారు కాగితముమీద లాభము లెక్కవేసి చూపిరి. వైశాఖమాసమున నొకనాటి మధ్యాహ్నము విద్యుత్తు నాలుగు గంటలసేపు నిలిచిపోయెను. గొట్టములలో పలుచని ధారగా పాఱు నీరు ఆగెను. వేళ్లక్రింద నిలువ నీరేమియు లేదు. సాయంత్రమునకు మొక్కలన్నియు తలలు వ్రాల్చెను. మఱునాడు నీరు పాఱించినను లేవలేదు. ఆ బంగారమును వారు నేటికిని విడిపించుకొనలేదు. అమ్మినవారు మరల నీ యూరికి రాలేదు. మేము నేర్పబోవు పద్ధతి దీనికి పూర్తిగా వేఱైనది. దీనికి పంపు లేదు, విద్యుత్తు లేదు, కదలు భాగ మొక్కటియు లేదు. ఒక పెట్టె, ఒక మూత, కొంచెము నీరు, అందు కరగిన ఉప్పులు మాత్రమే. ఇది యమ్మకమునకు గాక యింటి కూరకు మాత్రమే యుద్దేశింపబడినది. ఈ హద్దు మొదటనే తెలిసికొని చదువ గోరుచున్నాము.

మొక్క నీటిలో నెట్లు బ్రదుకును

మొక్క మట్టిని తినదు. మట్టియందలి నీటిలో కరగియున్న లవణములను వేళ్లతో పీల్చుకొనును. తక్కిన దేహమంతయు గాలినుండియు నీటినుండియు సూర్యరశ్మి బలముచే తానే కట్టుకొనును. ఈ సంగతి మనుష్యులకు తెలియుటకు చాల కాలము పట్టినది. 1699లో ఇంగ్లండునందు జాన్ వుడ్‌వార్డు అను పండితుడు పుదీనా మొక్కలను వాననీటిలోను, ఏటినీటిలోను, తోటమట్టి కలిపిన నీటిలోను పెంచి తూచి చూచెను. వాననీటిలోని మొక్క తక్కువగాను, మట్టి కలిపిన నీటిలోని మొక్క ఎక్కువగాను పెరిగెను. కావున నీరొక్కటియే చాలదని తేలెను. 1860 ప్రాంతమున జర్మనీలో సాక్స్, నోప్ అనువారు ఏయే లవణములు చాలునో తెలిసికొని, మట్టి యేమాత్రము లేకుండ మొక్కలను పెంచిరి. ప్రయోగశాలలోని యీ పనిని పంటగా మార్పవచ్చునని 1929లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునందలి గెరికీ ప్రకటించెను. మన దేశమున కిది క్రొత్త గాదు. 1946 ప్రాంతమున వంగదేశములోని కాలింపాంగునందు షోల్టో డగ్లస్ అను నతడు పంపులు లేకుండ, ఱాతిముక్కలు ఇసుక నింపిన తొట్లలో కూరలు పండించి, వంగదేశపు పద్ధతి యను పేర 1951లో నొక గ్రంథము ప్రకటించెను.

నేడు మేము చెప్పు పద్ధతిని వివరముగా పరీక్షించి వ్రాసినవారు హవాయి విశ్వవిద్యాలయపు ఉద్యానశాస్త్రజ్ఞుడు బెర్నార్డు క్రాట్కీగారు. వారు 2004 మొదలు 2009 వఱకు ప్రకటించిన వ్యాసములలో నాలుగు లీటర్ల సీసాలలోను, ప్లాస్టిక్ తొట్లలోను, కఱ్ఱచట్రమునకు లోపల పాలిథీన్ పఱచిన తొట్లలోను లెట్యూస్ అను ఆకుకూరను పెంచు విధములు వర్ణించిరి. వారి పేరుమీదనే దీనిని క్రాట్కీ పద్ధతి యందురు.

ఇందులోని కీలకమును రైతు త్వరగా గ్రహింపగలడు. మిరపచేనిలో రెండు దినములు నీరు నిలిచినచో మొక్క వడలిపోవుట మన మెఱుగుదుము. నీరు హెచ్చి మొక్క దాహముతో చచ్చునట్లు కనబడును. ఏలయన వేళ్లకు ఊపిరి కావలెను. మట్టి సందులలోని గాలిని నీరు తోలివేయగా వేళ్లు ఊపిరాడక పని మానును. వరి నీటిలో నిలిచి బ్రదుకుచున్నది గదా యని మీరడుగవచ్చును. వరికి కాండమునుండి వేళ్లదాక గాలిని కొనిపోవు సన్నని మార్గములు దేహములోనే యున్నవి. తోటకూరకు, కొత్తిమీరకు అంతటి యేర్పాటు లేదు. అందుచేతనే యితరులు పంపులు పెట్టి నీటిని చిలుకుచున్నారు.

క్రాట్కీగారి యుపాయ మేమనగా, పెట్టెలో నీటిని నింపి, మూతకు చేసిన రంధ్రములో చిన్న బుట్టవంటి గిన్నెను దింపి, దాని యడుగుమాత్రము నీటిని తాకునట్లు చేయుట. మొక్క పెరిగినకొలది నీటిని త్రాగును. నీటిమట్టము క్రిందికి దిగును. మూతకును నీటికిని నడుమ తడిగాలి నిండిన ఖాళీ యేర్పడును. ఆ ఖాళీలో వ్రేలాడు వేళ్లు నూగుతో నిండి గాలిని పీల్చును. క్రింద నీటిలో మునిగిన వేళ్లు ఆహారమును పీల్చును. ఒకే మొక్కకు రెండు విధముల వేళ్లు తమంతట దామే యేర్పడుచున్నవి. మొక్క త్రాగుటయే పంపు చేయు పనిని చేయుచున్నది.

దీనినుండి యొక ముఖ్యనియమము పుట్టుచున్నది. దిగిన నీటిని మరల అంచువఱకు నింపరాదు. మా మూడవ పెట్టె యీ కారణముచేతనే చెడినది. ఇరువది దినములైన తోటకూర నవనవలాడుచుండెను. నీరు సగమునకు దిగియుండుట చూచి, ఆదివారమున కావలి యుండిన వృద్ధుడు జాలిపడి రెండు చెంబుల నీరు తెచ్చి నిండుగ పోసెను. బుధవారమునకు మొక్కలు వడలెను. నీరు నిండుగ నున్నను ఆకులు వ్రేలాడుట చూచి యతడు మఱికొంత పోసెనట. గాలికి అలవాటుపడిన వేళ్లు మునిగి ఊపిరాడక క్రుళ్లినవి. తప్పు మాదే. పెట్టెపై నొక మాట వ్రాసి యుంచవలసినది, వ్రాయలేదు.

పెట్టెయు మూతయు

ఇరువది లీటర్లు పట్టి, జానెడు లోతు గల యే పెట్టెయైనను చాలును. చేపలు వచ్చు ధర్మాకోల్ పెట్టెలు సంతలో నూరకయే దొఱకును. వానిని సబ్బుతో కడిగి ఎండబెట్టి, లోపల నల్లని పాలిథీన్ కాగితము పఱచుకొనవలెను. ధర్మాకోల్ ఎండవేడిని నీటికి చేరనీయదు గావున మన దేశమునకు మిక్కిలి యనువైనది. రంగులు వచ్చు ప్లాస్టిక్ బకెట్లు వాడువారు త్రాగునీటికి, తినువస్తువులకు వాడదగిన వానినే తీసికొనవలెను. జింకుపూత గల యినుప తొట్లు తగవు. ద్రావణము పుల్లదనముచే జింకు కరగి వేళ్లకు విషమగును. కుండలు చల్లగా నుండును గదా యని మాలో నొకరు వాదించిరి. కుండ నీటిని ఊర్చును, ఆ నీటితోబాటు ఉప్పులు వెలికివచ్చి గోడపై తెల్లగా పూయును, లోని పాళ్లు మాఱిపోవును. కావున వలదంటిమి.

పురుగుమందుల డబ్బాలను ఎన్నిసార్లు కడిగినను ఈ పనికి వాడరాదు. ఈ మాటను మేము మెల్లగా చెప్పుట లేదు. మన గ్రామములలో నా డబ్బాలు నూనెకు, నీటికి కూడ వాడుట మేము చూచియున్నాము. ప్లాస్టిక్ గోడలో నింకిన మందు నెలలకొలది మెల్లగా నీటిలోనికి దిగుచుండును. ఆ నీరు త్రాగిన యాకును మీ పిల్లలు తినబోవుచున్నారు.

పెట్టెలోనికి వెలుతురు చొరరాదు. వెలుతురు సోకినచో ఆ యాహారమును పాచి తిని, పచ్చగా పెరిగి, రాత్రివేళ నీటిలోని ప్రాణవాయువును హరించును. పలుచని పెట్టెకు వెలుపల మొదట నల్లరంగును, దానిపై సున్నమును పూసినచో వెలుతురును వేడియు రెండును ఆగును.

మూత విషయమున మా మొదటి పెట్టె చెడినది. గిన్నెలకు చేసిన రంధ్రములు కొంచెము పెద్దవై సందులు మిగిలినవి. పదునొకండవ దినమున ఆరోగ్యకార్యకర్త వచ్చి మూత యెత్తి చూపగా నీటిలో దోమపిల్లలు త్రుళ్లుచుండెను. ఆమె మాటలాడక పెట్టెను బోర్లించి పోయెను. మేమును మాటలాడలేకపోతిమి. డెంగీని వ్యాపింపజేయు దోమ శుభ్రమైన నిలువనీటిలోనే గ్రుడ్లు పెట్టును. వెచ్చని దినములలో వారము పదిదినములలోపల దోమయై యెగురును. ఇంటికి కూర తెచ్చు పెట్టె యింటికి జ్వరము తెచ్చుట యెంతమాత్రము తగదు. గిన్నెయంచు రంధ్రముపై బిగువుగ కూర్చుండవలెను. మిగిలిన సందులకు దోమతెర గుడ్డను అతికింపవలెను. వారమున కొకమాఱు మూత యెత్తి దీపము పట్టి చూడవలెను. ఇంతపాటి శ్రద్ధ లేనివారు ఈ పని పెట్టుకొనకుండుట మేలు.

ఆహారద్రావణము

నత్రజని, భాస్వరము, పొటాషు మాత్రమే చాలునని మనకు వాడుక. మట్టిలో తక్కినవి యెంతో కొంత యుండును గావున అట్లు చెల్లుచున్నది. వాననీటిలో నేమియు లేదు. కాల్షియము, మగ్నీషియము, గంధకము, ఇనుము మొదలుకొని రవంత రవంత కావలసిన మాంగనీసు, బోరాను, జింకు, రాగి, మాలిబ్డినము వఱకు మనమే యీయవలెను. ఒక్కటి లోపించినను తక్కినవి వ్యర్థము.

బిందుసేద్యమునకు వాడు నీటిలో కరగు ఎఱువులే యిందులకు తగినవి. ఎఱువుల అంగడిలో కాల్షియం నైట్రేటు, పొటాషియం నైట్రేటు (సంచిపై 13:0:45 అని యుండును, మన పెద్దలు పెట్లుప్పు అనునది యిదే), మోనో పొటాషియం ఫాస్ఫేటు (0:52:34), మగ్నీషియం సల్ఫేటు అని యడుగవలెను. ఇనుము కొఱకు చిలేటెడ్ ఐరను, అనగా నూటికి 12 పాళ్లు ఇనుము గల ఇ.డి.టి.ఎ. రకము కావలెను. అన్నభేది యిందులకు పనికిరాదు. నీటిలో తుప్పుగా మాఱి యడుగున పేరుకొనును.

ఇరువది లీటర్ల నీటికి కాల్షియం నైట్రేటు 13 గ్రాములు, పొటాషియం నైట్రేటు 7, మోనో పొటాషియం ఫాస్ఫేటు 3½, మగ్నీషియం సల్ఫేటు 8 గ్రాములు చాలును. ఇంత తక్కువను మనయింటి త్రాసు తూచలేదు. కావున పదింతలు తూచి రెండు సీసాలలో కలిపి యుంచుకొనుట సుఖము. మొదటి లీటరు సీసాలో కాల్షియం నైట్రేటు 130 గ్రాములు, ఇనుము 3½ గ్రాములు. రెండవ లీటరు సీసాలో పొటాషియం నైట్రేటు 70, ఫాస్ఫేటు 35, మగ్నీషియం సల్ఫేటు 80 గ్రాములు, సూక్ష్మపోషకములు. పెట్టెలో ఇరువది లీటర్ల నీరు పోసి, మొదటి సీసానుండి 100 మిల్లీలీటర్లు పోసి బాగుగ కలిపి, పిమ్మట రెండవదానినుండి 100 మిల్లీలీటర్లు పోసి కలుపవలెను. రెండు సీసాలను నేరుగ నొకదానితో నొకటి కలిపినచో కాల్షియము గంధకముతో చేరి జిప్సముగాను, భాస్వరముతో చేరి కరగని పొడిగాను అడుగున దిగును. పాలు విఱిగినట్లు కనబడిన నది పాఱబోయవలసినదే. ఈ సీసాలపై పేరు వ్రాసి పిల్లల కందని చోట నుంచవలెను. త్రాగునీటి సీసాలలో నెన్నడును పోయరాదు.

సూక్ష్మపోషకములను గూర్చి వేఱుగా చెప్పవలసియున్నది. ఒక సీసాకు బోరిక్ ఆమ్లము అర గ్రాము, మైలుతుత్తము గ్రామునందు ఇరువదియైదవ పాలు మాత్రమే కావలెను. ఇంతటి రవ్వను ఒక యింటివారు తూచలేరు. చేతికి వచ్చినంత వేసినచో మైలుతుత్తము వేళ్లను చంపును. అయితే ఏబది యిండ్లవారు కలిసినచో లెక్క సుగమమగును. ఏబది సీసాలకు బోరిక్ ఆమ్లము 25 గ్రాములు, మాంగనీసు సల్ఫేటు 16, జింకు సల్ఫేటు 5, మైలుతుత్తము 2, అమ్మోనియం మాలిబ్డేటు అర గ్రాము. ఇవన్నియు ఒక లీటరు వాననీటిలో కరగించి, సీసాకు 20 మిల్లీలీటర్ల చొప్పున పంచవచ్చును. ఆ ఏబది యిండ్లకు పెద్ద యెఱువులు కాల్షియం నైట్రేటు 6½ కిలోలు, పొటాషియం నైట్రేటు 3½ కిలోలు, ఫాస్ఫేటు 1¾ కిలోలు, మగ్నీషియం సల్ఫేటు 4 కిలోలు, ఇనుము 175 గ్రాములు మాత్రమే. ఒక్కొక్క యింటికి రెండు సీసాలు, పదిమాఱులు పెట్టె నింపుటకు చాలును. ఒంటరిగా నొకరు కిలో కాల్షియం నైట్రేటు కొనినచో ఆ సంచి విప్పిన కొలదిదినములకే గాలియందలి తేమను పీల్చి నీరుగాఱును. ఒక్క యిల్లు కొనలేనిది, తూచలేనిది, దాచలేనిది పదిమంది కూడిన సాధ్యమగుటకు ఇంతకంటె చిన్న దృష్టాంతము మాకు కనబడలేదు. అట్లు కూడుట కుదరని గ్రామములవారు వేళ్లనీటికి వాడదగునని సీసాపై వ్రాసియున్న సూక్ష్మపోషక మిశ్రమమును కొని, అందు చెప్పిన కొలతనే వాడవలెను. ఆకులపై చల్లు మిశ్రమములలో జింకు మిక్కుటముగ నుండుటచే అవి తగవు.

19:19:19 చాలదా యని యడిగినవారు కలరు. చాలదు. అందు కాల్షియము లేదు. నత్రజనిలో సగమునకు పైగా యూరియా రూపమున నుండును. యూరియాను మట్టిలోని సూక్ష్మజీవులు మార్చి మొక్కకు తగిన యాహారముగ చేయును. శుభ్రమైన నీటిపెట్టెలో నా పని చేయువారు లేరు.

పేడనీరు, జీవామృతము పోయరాదా యనియు పలువురడిగిరి. అవి మట్టికి అమృతములే. నిలువనీటిలో మాత్రము వానియందలి సూక్ష్మజీవులు రెండుమూడు దినములలో ప్రాణవాయువునంతయు తినివేయును, నీరు కంపుకొట్టును, వేళ్లు నల్లబడును. పశువులున్నవారు పేడను పెరటిమట్టిలోనే వేసికొనుట యుచితము.

నీటి మంచిచెడ్డలు

వాననీరు సర్వోత్తమము. ఏటినీరు, కాలువనీరు వడగట్టి వాడవచ్చును. బోరునీటి విషయమున జాగ్రత్త యవసరము. ఉప్పునీటిలో సోడియము, క్లోరైడు ఉండును. మొక్క నీటిని త్రాగి వీనిని విడిచిపెట్టును గావున నీరు తగ్గినకొలది ఉప్పు చిక్కనగును. చేనిలో వర్షము వచ్చి కడిగివేయును, పెట్టెలో కడుగువారు లేరు. భూసార పరీక్షాలయములలో నీటిని కూడ పరీక్షింతురు. విద్యుద్వాహకత 1 దాటిన నీటిని వాననీటితో సగపాలు కలిపి వాడుట మంచిది.

ద్రావణపు ఉదజని సూచిక 5½ మొదలు 6½ వఱకు నుండవలెను. మన బోరునీరు సాధారణముగా 7½ దాటి క్షారముగ నుండును. అట్టి నీటిలో ఇనుము ఉండియు మొక్కకు అందదు. చుక్కలమందుతో రంగు చూచి తెలిసికొను చిన్నపెట్టె చాలును, వెలగల యంత్రము వలదు. హెచ్చుగ నున్నచో ఎఱువుల అంగడిలో దొఱకు ఫాస్ఫారిక్ ఆమ్లమును నీటిలో పలుచన చేసి బొట్టుబొట్టుగ కలుపవలెను. ఆమ్లమును నీటిలో పోయవలెనేగాని నీటిని ఆమ్లములో పోయరాదు. నిమ్మరసముతోను దిగును గాని రెండుమూడు దినములలో మరల పైకెక్కును.

నారు, నాటు

టీ త్రాగు ప్లాస్టిక్ గిన్నెలకు కాల్చిన సూదితో అడుగునను ప్రక్కలను రంధ్రములు పొడిచి, కడిగిన కొబ్బరిపీచు పొడిని నింపవలెను. పొడిని రెండుమూడు నీళ్లలో కడుగుట మఱువరాదు, అందు ఉప్పుండును. విత్తులు అందే చల్లి మామూలు నీటితో తడుపుచు, మూడునాలుగు ఆకులు వచ్చిన పిమ్మట పెట్టెమీదికి మార్పవలెను. గిన్నె యడుగు అర అంగుళము మాత్రమే ద్రావణములో మునుగవలెను. మొదటి వారము వేళ్లు క్రిందికి దిగినవో లేదో చూడవలెను. దిగినయెడల మఱి చేయవలసిన పని చాల తక్కువ. ఇరువది లీటర్ల పెట్టెకు నాలుగైదు గిన్నెలకు మించి పెట్టరాదు. మేము ఎనిమిది పెట్టి చూచితిమి. ఇరువదవ దినమునకే అడుగంటినది.

తోటకూరను మొదటిసారి కోసిన పిమ్మట మరల చిగిర్పవలెనన్న సగము బలము గల ద్రావణమును, మొదటి మట్టమునకు మూడవవంతు దాటకుండ పోయవచ్చును. పైవేళ్లు ఎల్లప్పుడును గాలిలోనే యుండవలెను. మా వృద్ధుని కథను మీ యింటిలోని యందఱకును చెప్పి యుంచుడు.

ఏ కూర, ఏ ఋతువు

పుదీనా యన్నిటికంటె సులభము. బజారునుండి తెచ్చిన కట్టలోని ముదురుకాడను నీటిలో నుంచిన కొలదిదినములకే వేళ్లు పెట్టును. వుడ్‌వార్డు పండితుడు దీనినే యెన్నుకొనుట యూరక కాదు. తూటికూర, పొన్నగంటికూర స్వభావముచేతనే నీటి మొక్కలు, వేసవిలో కూడ తట్టుకొనును. తోటకూర నెలకు కోతకు వచ్చును. బచ్చలి పందిరికి ప్రాకనిచ్చిన చాలకాల ముండును గాని దాహము హెచ్చు. కొత్తిమీర, పాలకూర, లెట్యూస్ మార్గశిరము మొదలు మాఘము వఱకే వేయవలెను. కొత్తిమీర విత్తును రెండు బద్దలుగ నలిపి గిన్నెకు పదేసి చల్లిన ఒత్తుగ వచ్చును. ముల్లంగి, ఉల్లి వంటి దుంపజాతులు దీనికి తగవు. టమాట, మిరప రావని కాదు. కాని కాపుకు వచ్చిన టమాట యొక్కటియే ఎన్నో బిందెల నీరు త్రాగును గావున దానికి పెద్ద తొట్టి కావలెను. క్రొత్తవారు దానిజోలికి పోవలదు.

మన వేసవియే యీ పద్ధతికి ప్రధానశత్రువు. ఇరువది డిగ్రీల వేడిలో లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకొనును. ముప్పది డిగ్రీలకు అది 7½కు దిగును. అదే వేడిలో వేళ్లకుళ్లు తెచ్చు బూజు చుఱుకుగ వ్యాపించును. హవాయి సముద్రపుగాలిలో కుదిరినది రోహిణికార్తెలో మనకు యథాతథముగ కుదరదు. పెట్టెను సగమువఱకు నేలలో పాతి, తడిగోనె చుట్టి, మధ్యాహ్నము నీడపడు చోట నుంచవలెను. ఉదయపు ఎండ నాలుగైదు గంటలు తగిలిన చాలును. అట్లని చీకటిగదిలో పెట్టరాదు. ఎండ చాలని యాకులో నైట్రేటు నిలువయగును, అది తినుటకు మంచిది కాదు.

లేతయాకులు పసుపై ఈనెలు మాత్రము పచ్చగ నిలిచిన ఇనుము అందుటలేదని, నీరు క్షారమైనదని యెఱుగవలెను. ముదురాకులు పాలిపోయిన నత్రజని తీఱినదని యర్థము. ఆకుల యంచులు మాడిన ద్రావణము చిక్కనైనది. మధ్యాహ్నము వడలి సాయంత్రము లేచిన భయము లేదు. సాయంత్రమును లేవకున్న మూత యెత్తి చూడుడు. తెల్లగా నున్న వేళ్లు ఆరోగ్యమునకు, గోధుమరంగై జిగటపట్టి కంపుకొట్టు వేళ్లు కుళ్లుకు చిహ్నములు. కుళ్లిన పెట్టెను బాగుచేయ యత్నింపక పాఱబోసి, బ్లీచింగు పొడి నీటితో కడిగి, ఎండబెట్టి మరల ఆరంభింపవలెను. పేనుబంక పట్టిన యాకులను నీటితో కడిగి, వేపనూనె సబ్బునీటిలో కలిపి చల్లిన చాలును. దేహమంతట ప్రాకు మందులను నెలదినములలో తినబోవు ఆకుకూరపై చల్లరాదు.

ఎవరికి తగును

పెరడును, మంచిమట్టియు, నీరును గలవారికి ఇది యక్కఱలేదు. వారు నాలుగు మడులు త్రవ్వి పేడ వేసికొన్న నింతకంటె చౌకగను హెచ్చుగను పండును. కాని మన సభ్యులలో ఇంటిస్థలము గుమ్మముతోనే ముగియువారున్నారు. చౌడుపట్టి గడ్డియు మొలవని వాకిళ్లు గలవారున్నారు. కోళ్లు, మేకలు, పందులు తిరుగు సందులలో మడి నిలుపలేనివారున్నారు. కౌలు కమతముమీద కూరమడి వేయుటకు అనుమతి లేనివారున్నారు. నడుము వంగి త్రవ్వలేని వృద్ధులున్నారు. వీరికొఱకే మేము ఈ పాఠము వ్రాసితిమి. ఇరువది లీటర్ల పెట్టెలు నాలుగు, వారమున కొకటి వంతున నాటినచో మా యనుభవమున చిన్నకుటుంబమునకు వారమున కొకపూట ఆకుకూరయు, పచ్చడికి పుదీనాయు వచ్చును. అంతకుమించి యాశ పెట్టుకొనవలదు. నీరు మాత్రము చాల తక్కువ పట్టును. నేలలోనికి ఇంకుట లేదు, మూతయుండుటచే ఆవిరియగుట కొంచెమే, మొక్క త్రాగినదే ఖర్చు. బిందెనీటికి దూరము నడచు మన స్త్రీలకు ఈ లెక్క వేఱుగ చెప్పనక్కఱలేదు.

పంపులు, గొట్టములు, పందిళ్లతో వ్యాపారముగా ఈ సేద్యము చేయుటకు అప్పు కావలెనని అర్జీలు వచ్చుచున్నవి. మా యభిప్రాయమును స్పష్టముగ చెప్పుచున్నాము. అర్జీదారుడు ముందు నాలుగు పెట్టెలను ఒక వేసవి, ఒక వానకాలము తన చేతులతో పెంచి చూపవలెను. లెట్యూస్ వంటి కూరలను మన సంతలో నెవరు కొందురో, ఏ ధరకు కొందురో వ్రాతమూలముగ చూపవలెను. విద్యుత్తు నిలిచిన దినమున వేళ్లకు నీరెక్కడిదో చెప్పగలిగి యుండవలెను. ఈ మూడింటికి జవాబు లేని యర్జీని మేము సిఫారసు చేయజాలము. కఠినమని కొందఱనవచ్చును. ఆ బంగారము సంగతి మే మెఱుగుదుము.

ఫలించిన రెండు పెట్టెలు కార్యాలయపు వసారాలో నేటికిని ఉన్నవి. పనిదినములలో నెవరైనను వచ్చి మూత యెత్తి వేళ్లను చూడవచ్చును. స్త్రీలు ముఖ్యముగ రావలెను. సీసాల కొఱకు కూడదలచినవారు పేళ్లు గుమాస్తావద్ద వ్రాయించిన ఏబది యిండ్లు కాగానే యెఱువులు తెప్పించి, ఒక దినమున అందఱి యెదుట తూచి కలిపెదము. ఎవరి ఖాళీ సీసాలు వారే తేవలెను. కోత ముగిసిన పెట్టెలో అడుగున మిగిలిన ద్రావణమును మురుగులో పోయక అరటిపాదుకో కొబ్బరిపాదుకో పోయుడు. వేళ్లతుక్కును ఎఱువుగుంటలో వేసి, పెట్టెను కడిగి రెండు దినములు ఎండలో బోర్లించిన పిమ్మటనే మరల నింపవలెను.